మార్షల్ డీఎస్ఎల్40సీఆర్ ఆరేళ్లు వాడాక: గెయిన్ తగ్గించాకే నాకు టోన్ దొరికింది

ఈ గిటార్ యాంప్‌ను 2019లో చెన్నైలో కొని రైల్లో నెల్లూరు తెచ్చుకున్నాను. బరువు సుమారు 23 కిలోలు, స్టేషన్ మెట్ల మీద ఇద్దరం చెరో పక్క పట్టుకొని దింపాం. అప్పటినుంచి మూలాపేటలో మా మిద్దె మీద గదిలో వారానికి నాలుగైదు రోజులు మోగుతూనే ఉంది. క్రిస్మస్‌కు చర్చిలో, కాలేజీ ఫెస్టుల్లో, ఒకసారి కావలిలో ఆరుబయట స్టేజీ మీద కూడా వాయించాను. కొత్తలో రాసి ఉంటే ఇందులో సగం తప్పే రాసేవాణ్ని, అందుకే ఇన్నాళ్లు ఆగాను.

40 వాట్ల ట్యూబ్ కాంబో ఇది, అంటే ట్యూబులతో నడిచే యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో. పవర్ సెక్షన్‌లో రెండు ఈఎల్34లు, మిగతా చోట నాలుగు ఈసీసీ83లు, అంటే మనం మామూలుగా 12ఏఎక్స్7 అనే ట్యూబులే. స్పీకర్ 12 అంగుళాల సెలెస్టియన్ వీ-టైప్. సిగ్నల్‌ను ట్యూబుల్లోకి ఎంత గట్టిగా నెట్టాలో తేల్చేది గెయిన్. క్లాసిక్ గెయిన్ చానెల్‌లో క్లీన్ (నలగని శబ్దం), క్రంచ్ (కాస్త నలిగిన శబ్దం) ఉంటాయి, అల్ట్రా గెయిన్‌లో ఓడీ1, ఓడీ2 అని రెండు ఓవర్‌డ్రైవ్‌లు. క్లీన్ బాగుంటుంది, క్రంచ్ ఇంకా బాగుంటుంది. కానీ ఇది కొనేవాళ్లలో ఎక్కువమంది ఆ చిక్కటి, సాగే ఓవర్‌డ్రైవ్ కోసమే కొంటారు, నేనూ అందుకే కొన్నాను. కాబట్టి దాని గురించే చెబుతాను.

మొదటి ఏడాదంతా ఓడీ2 పెట్టి, గెయిన్ 9 మీద, మిడిల్ 2 మీద ఉంచి వాయించాను. గదిలో ఒక్కణ్నే ఉన్నప్పుడు కొండంత శబ్దం. డ్రమ్స్, బేస్ గిటార్ మొదలవగానే నా గిటార్ మాత్రం ఎక్కడా వినపడేది కాదు, వెనకాల ఏదో జుయ్‌మంటున్నట్టు ఉండేది, అంతే. అది చూసి గెయిన్ ఇంకాస్త పెంచేవాణ్ని, ఇంకాస్త బురదయ్యేది. బేస్ నాబ్ సున్నాకి తిప్పినా బురద పోలేదు. ఎందుకు పోదో తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈ యాంప్‌లో, మార్షల్ పద్ధతి యాంపుల్లో చాలావాటిలో, బేస్-మిడిల్-ట్రెబుల్ నాబులు ఉండేది డిస్టార్షన్ (ఆ నలుగుడు) పుట్టే స్టేజీల తర్వాత. గిటార్ సిగ్నల్‌లోని లావు శబ్దం ముందే ట్యూబుల్లోకి వెళ్లి నలిగిపోయి ఉంటుంది, ఆ తర్వాత బేస్ తగ్గిస్తే పల్చబడుతుందే గానీ స్పష్టత రాదు. పాలు విరిగాక ఎంత వడకట్టినా మళ్లీ పాలు కావు కదా.

అంటే బేస్‌ను కోయాల్సింది యాంప్‌లోకి పోకముందే. ఆ పని గిటార్‌కూ యాంప్‌కూ మధ్య పెట్టే ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ చేస్తుంది. నాది ఐబనెజ్ టీఎస్9. డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ పూర్తిగా, టోన్ సగం. ఈ పెడల్‌ను డిస్టార్షన్ కోసం వాడటం లేదు, ఈ మాట గట్టిగా చెబుతున్నా. ఇది కింది శబ్దాన్ని కోసి, 720 హెర్ట్జ్ దగ్గర మిడ్స్‌ను (మధ్య స్థాయి శబ్దాన్ని) ముందుకు తెచ్చి, మొదటి ట్యూబును గట్టిగా నెడుతుంది. 1981లో వచ్చిన మార్షల్ యాంప్ జేసీఎం800ను కూడా మెటల్ గిటారిస్టులు ఇలాగే పెడల్‌తో నెట్టి వాడేవాళ్లు. మొదటిసారి ఇలా కలిపిన సాయంత్రం నాకు బాగా గుర్తు. అన్నిటికన్నా లావుగా ఉండే ‘E’ తీగ మీద అరచేతి అంచు ఆనించి కొట్టాను. అంతకుముందు ‘బ్వామ్’ అని సాగిపోయే దెబ్బ ‘డగ్ డగ్’ అని తెగింది, ఒక్కో దెబ్బ మధ్య నిశ్శబ్దం వినపడింది. అదే చోట ఒక్క నోటు పట్టుకొని వైబ్రాటో ఇస్తే ఆగకుండా పాడుతూ ఉంది. బిగువు, సాగుడు రెండూ ఒకేసారి దొరకడం అదే మొదలు.

ఇప్పుడు నా సెట్టింగు: ఓడీ1, గెయిన్ 5, బేస్ 4, మిడిల్ 7, ట్రెబుల్ 5, ప్రెజెన్స్ 4, రెసొనెన్స్ 3. గదిలో ఒంటరిగా వింటే ఇది కాస్త మొరటుగా, ముక్కుతో పాడినట్టు అనిపిస్తుంది. కంగారుపడకండి, బ్యాండ్‌లో గిటార్ బతికేది ఆ మిడ్స్ మీదే. ఓడీ2 చెడ్డదని కాదు, లీడ్ వాయించేటప్పుడు బాగా సాగుతుంది, కానీ రిఫ్‌లకు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలకు) నాకు ఓడీ1 చాలు. గిటార్ వాల్యూమ్ 6కి దించితే అదే సెట్టింగు క్రంచ్ అవుతుంది, వేళ్లతో మెల్లగా మీటితే దాదాపు క్లీన్. గెయిన్ 9 మీద ఉన్నప్పుడు ఈ తేడా ఎప్పుడూ రాలేదు.

ఇక మాస్టర్, అంటే మొత్తం వాల్యూమ్ నాబ్ సంగతి. ప్రీయాంప్ (చిన్న ట్యూబులుండే ముందు భాగం) ఎంత నలిపినా, పవర్ ట్యూబులు కూడా కాస్త కష్టపడితే తప్ప ఆ నిండుదనం రాదు, స్పీకర్ కోన్ కదలాలి. మాస్టర్ 1 మీద ఉన్నప్పుడు తేనెటీగల రొద, 4 దాటితే ఛాతీకి తగులుతుంది. 40 నుంచి 20 వాట్లకు మార్చే వీలుంది కదా, ఇంట్లో సరిపోతుందిలే అనుకోవద్దు. వాట్లు సగమైతే తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి కొంచెమే తేడా. మా కింద వాటా పెద్దమ్మ ఒకరోజు మెట్లెక్కి వచ్చి, “ఏందబ్బయా, అలమరలో గ్లాసులన్నీ గలగలమంటా ఉండాయి, రొంత తగ్గించకూడదా” అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. అప్పటినుంచి సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర వరకే మాస్టర్ తెరుస్తాను, రాత్రి హెడ్‌ఫోన్సే. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు కొనేముందు ఇది బాగా ఆలోచించుకోవాలి. యాంప్‌ను నేల మీద పెట్టకుండా కుర్చీ మీద వెనక్కి వాల్చి పెట్టండి, శబ్దం మోకాళ్లకు కాకుండా చెవికి అందితే అంత వాల్యూమ్ అక్కర్లేదని మీకే తెలుస్తుంది.

మన ఊళ్లలో కరెంటు కూడా టోన్‌లో భాగమే. ఎండాకాలం సాయంత్రాలు మా వీధిలో వోల్టేజీ 190కి పడిపోయేది, అప్పుడు యాంప్ నీరసంగా, మెత్తగా పలికేది. ట్యూబులు పోయాయేమో అనుకున్నా, స్టెబిలైజర్ పెట్టాక మళ్లీ ప్రాణం వచ్చింది. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం నడపొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ గీ పెడుతుంది. హై గెయిన్‌లో హమ్ ఎక్కువగా ఉందని నాయిస్ గేట్ (వాయించనప్పుడు రొదను ఆపే పెడల్) కొనబోయాను గానీ, ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే అసలు ఎర్తింగే సరిగా లేదు. పెరట్లో గుంట తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్త్ వేయించాం. హమ్ సగానికి పైగా తగ్గింది. గిటార్ తీగల మీద చేయి ఉండగా పెదవి మైక్‌కు తగిలితే షాక్ కొట్టే ప్రమాదం కూడా పోయింది, ఇది నాకు టోన్ కన్నా ముఖ్యం.

ట్యూబుల విషయానికొస్తే, మూడో ఏట గెయిన్ పెంచగానే కుయ్‌మని కూత మొదలైంది. పెన్సిల్ వెనక కొసతో ఒక్కో చిన్న ట్యూబును మెల్లగా తట్టాను, ఒకదాని దగ్గర స్పీకర్‌లో టంగుమని గంట మోగింది. అదొక్కటే మార్చాను, రెండు నిమిషాల పని. ఈఎల్34లు నాలుగో ఏట మార్పించాను. అవి జతగా, ఒకేలా కొలిచినవి తీసుకోవాలి, మార్చాక బయాస్ (ఆ ట్యూబుల్లో ఊరికే ఉన్నప్పుడు పారే కరెంటు) సరిచేయాలి. అది మాత్రం తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి. లోపల 400 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. నేను చెన్నై తీసుకెళ్లి చేయించుకొచ్చాను. వచ్చిన రోజు సాయంత్రం ఐదింటికి పెద్దమ్మకు చెప్పి మరీ మాస్టర్ 5 దాకా తెరిచాను. పాత ట్యూబులు ఎంత అలిసిపోయి ఉన్నాయో రెండు మూడు తీగలు కలిపి మొదటి పవర్ కార్డ్ కొట్టగానే తెలిసింది.