మేయర్‌ను ఓటర్లే ఎన్నుకోవాలా, కార్పొరేటర్లు ఎన్నుకోవాలా?

హైదరాబాద్ ఈ రెండు పద్ధతులనూ చూసింది. 2002లో తీగల కృష్ణారెడ్డిని ఓటర్లు నేరుగా మేయర్‌గా ఎన్నుకున్నారు. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు పాత నగరపాలక సంస్థలో కలిసి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఏర్పడింది. 2009 తొలి గ్రేటర్ ఎన్నికల నాటి నుంచి మేయర్‌ను ఎన్నుకునే పని కార్పొరేటర్లు కూర్చునే నగర సభదే అయింది.

నేరుగా ఎన్నుకుంటే మేయర్ ఎవరో ఓటరుకు ముందే తెలుస్తుంది. గెలిచినవారు ఒక్క వార్డుకు కాక నగరమంతటికీ జవాబుదారీ అవుతారు. పరోక్ష పద్ధతిలో ఆ స్పష్టత ఉండదు. 2009లో ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. కాంగ్రెస్, మజ్లిస్ ఒప్పందం చేసుకున్నాయి. ముందు బండ కార్తీక రెడ్డి, 2012లో మాజిద్ హుస్సేన్ మేయర్ అయ్యారు. ఈ మార్పులో ఓటరు ప్రమేయమే లేదు. 2020లో 150 వార్డుల్లో 56 గెలిచిన పార్టీకే తర్వాత మేయర్ పదవి దక్కింది. కార్పొరేటర్లతో పాటు ఎక్స్ అఫీషియో సభ్యులుగా, అంటే పదవి రీత్యా, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కూడా మేయర్ ఎన్నికలో ఓటు వేస్తారు. వార్డు ప్రజల తీర్పును ఇది పలచన చేస్తుంది. నాకు ఇది ఏ మాత్రం నచ్చదు.

అయినా ప్రత్యక్ష ఎన్నికకే నా ఓటు అనలేను. మేయర్ ఒక పార్టీ, సభలో మెజారిటీ మరో పార్టీ అయితే బడ్జెట్ దగ్గరే బండి ఆగిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు అధికారానిది. హైదరాబాద్ కార్పొరేషన్‌ను నడిపే 1955 నాటి చట్టం కార్పొరేషన్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్ అని మూడు అధికార కేంద్రాలను పెట్టింది. పని చేయించే అధికారం కమిషనర్‌ది. ఆ ఐఏఎస్ అధికారిని నియమించేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం.

మన వీధిలో మ్యాన్‌హోల్ పొంగిందనుకోండి. కార్పొరేటర్ దగ్గరికి వెళ్తే లెటర్‌హెడ్ మీద ఒక లేఖ రాసి, సంతకం పెట్టి ఇస్తారు. ఆ మ్యాన్‌హోల్ నగరంలో నీటి సరఫరా, మురుగునీటి పారుదల చూసే జలమండలిది, చుట్టూ దెబ్బతిన్న రోడ్డు కార్పొరేషన్‌ది. 1989లో ఏర్పడిన జలమండలి రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేస్తుంది, మేయర్ కింద కాదు. మేయర్‌ను లక్షల ఓట్లతో గెలిపించినా ఈ గీత చెరిగిపోదు. ఓటర్లందరి తీర్పుతో వచ్చిన మనిషికి మురుగునీటి విషయంలో ఆదేశం ఇచ్చే అధికారం లేకపోతే ఆ ఎన్నిక వల్ల ఎవరికి లాభం?

అందుకే నాకు కోల్‌కతా దారి మేలు అనిపిస్తుంది. అక్కడ కూడా మేయర్‌ను కౌన్సిలర్లే ఎన్నుకుంటారు. కాని 1980 నాటి చట్టం ప్రకారం మేయర్ కొందరు సభ్యులను ఎంచుకుని మంత్రివర్గం లాంటి మేయర్-ఇన్-కౌన్సిల్‌ను ఏర్పాటు చేస్తారు. ఒకరికి నీటి సరఫరా, ఒకరికి రోడ్లు, ఇలా శాఖలు పంచుతారు. కార్యనిర్వహణ అధికారం ఆ బృందానిది. నీళ్లు రాకపోతే ఎవరిని నిలదీయాలో ప్రజలకు తెలుస్తుంది. మేయర్‌కు సభలో మెజారిటీ ఉంటుంది కాబట్టి బడ్జెట్ కూడా ఆగదు.

హైదరాబాద్‌లో ఆ పద్ధతి తేవాలంటే మూడు పనులు జరగాలి. మేయర్ ఎన్నికలో ఎక్స్ అఫీషియో ఓటు తీసేయాలి. కమిషనర్ అధికారాల్లో ముఖ్యమైనవి ఎన్నికైన బృందానికి బదలాయించాలి. జలమండలిని నగర సభకు జవాబుదారీ చేయాలి. మూడోది అన్నింటికంటే కష్టం, ఎందుకంటే అధికారం వదులుకోవలసింది రాష్ట్ర ప్రభుత్వమే. ఓట్ల కోసం గుమ్మంలోకి వచ్చే ప్రతి అభ్యర్థినీ ముందుగా ఆ మూడో దాని గురించే అడగాలి.