మూడో పోర్టులో తెగిపోయే కాల్: పదకొండేళ్ల ఈపీఏబీఎక్స్‌తో నా అనుభవం

మా ఆఫీసులో పదకొండేళ్లుగా ఒకటే ఈపీఏబీఎక్స్, అంటే బయటి ఫోను లైన్లని ఆఫీసులోని ఫోన్లకి కలిపే యంత్రం. మేం దాన్ని బోర్డు అంటాం. గోడకు బిగించినప్పుడు తెల్లగా ఉండే పెట్టె, ఇప్పుడు పసుపు రంగుకి తిరిగింది. దాని పక్కనే, వచ్చిన కాల్‌ని తనే ఎత్తి కావలసిన ఫోనుకి పంపే నాలుగు పోర్టుల వాయిస్‌మెయిల్ పెట్టె. పోర్టు అంటే తీగ తగిలించే చోటు, ఒక్కోటి ఒకసారికి ఒక కాల్ చూసుకుంటుంది. ఎన్ని లైన్లు, ఎన్ని ఎక్స్‌టెన్షన్లు లాంటివి రాయను, ఇలాంటివి వాడేవాళ్లకి అవన్నీ తెలిసినవే. బోర్డు మీద నాకే ఫిర్యాదూ లేదు. మాట గంటకొట్టినట్టు వినిపిస్తుంది, ఇన్నేళ్లలో మార్చింది లోపలి సర్క్యూట్ కార్డు ఒక్కటే. నా కోపమంతా వాయిస్‌మెయిల్ కాల్‌ని ట్రాన్స్‌ఫర్ చేసే తీరు మీదే.

బయటి నుంచి చేసినవాళ్లకి ముందు మా స్వాగతం వినిపిస్తుంది. కావలసిన ఎక్స్‌టెన్షన్ నొక్కితే "దయచేసి వేచి ఉండండి" అంటుంది. అక్కడి నుంచి అవతలి ఫోను మోగాలి. ఒక దశలో అది మోగడం మానేసింది. టక్‌మని చిన్న చప్పుడు, వెంటనే ఎంగేజ్ టోన్. మళ్లీ చేస్తే తగిలేది. సున్నా నొక్కితే ముందు టేబుల్ దగ్గర ఎత్తేది నేనే. అలా రెండోసారి సున్నా నొక్కి నా దగ్గరికి వచ్చినవాళ్లు ఊరుకుంటారా? "ఏమండీ, మీరే కట్ చేస్తున్నారా?" అని ఒకాయన నేరుగానే అడిగారు.

నేను నా సెల్‌ నుంచి చేసి చూస్తే ఎప్పుడూ బ్రహ్మాండంగా ట్రాన్స్‌ఫర్ అయ్యేది. సర్వీసు అబ్బాయి వచ్చి చేసినా అంతే. మొదటిసారి బయటి లైన్లలో లోపం అన్నాడు. రెండోసారి "వాయిస్‌మెయిల్ పాతదైపోయిందండీ, మార్చేయండి" అన్నాడు. పాత సామాను మీద ఏ నింద వేసినా అతుకుతుంది కదా! పైన మా మేనేజర్‌ గారు కూడా ఆ మాటకే తలూపుతుంటే నాకు టెన్షన్ మొదలైంది.

అప్పుడు మామూలు నోటు పుస్తకం ఒకటి తీసుకుని, ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ టైము రాసుకున్నాను. రెండు వారాల్లో పద్దెనిమిది ఫిర్యాదులు. ఒక్కటి తప్ప అన్నీ ఉదయం పదికీ పదకొండున్నరకీ మధ్యే. మధ్యాహ్నం ఒక్కటీ లేదు. మాకు ఫోన్లు ఎక్కువ వచ్చేదీ ఆ గంటన్నరలోనే.

మా బోర్డులో వాయిస్‌మెయిల్ పోర్టులు నాలుగూ ఒకే గ్రూపులో వరుసగా ఉంటాయి. వచ్చిన కాల్ ఎప్పుడూ మొదటి పోర్టుకే వెళ్తుంది. అది బిజీగా ఉంటే రెండోది, అదీ బిజీ అయితే మూడోది. మేం తీరిగ్గా కూర్చుని చేసిన టెస్టులన్నీ మొదటి పోర్టుకే తగిలాయన్నమాట. మూడోదాని మొహం ఒక్కరం కూడా చూడలేదు.

ఆ పోర్టులకి విడివిడిగా ఎక్స్‌టెన్షన్ నంబర్లు ఉంటాయి. గ్రూపు నంబరు వదిలేసి, నా టేబుల్ ఫోను నుంచి ఒక్కో పోర్టుకీ నేరుగా చేశాను. మొదటిది: స్వాగతం వినిపించింది, పక్క గది నంబరు నొక్కాను, మోగింది. రెండోదీ అంతే. మూడోదానికి వచ్చేసరికి టక్. నాలుగోదీ టక్. నాలుగోదాని గురించి ఎవరూ చెప్పకపోవడానికి కారణం, ఒకేసారి నలుగురు స్వాగతం వింటూ ఉండే రోజు మాకు అరుదు.

తప్పు వాయిస్‌మెయిల్ పెట్టెదా, బోర్డుదా? మూడో పోర్టు తీగని వాయిస్‌మెయిల్ నుంచి పీకి మామూలు ఫోనుకి పెట్టాను. నా టేబుల్ నుంచి దానికి చేసి, ఎత్తి, ఫ్లాష్ బటన్ నొక్కాను. కాల్ హోల్డ్‌లోకి వెళ్లి రెండో డయల్ టోన్ రావాలి. కాల్ కట్టయింది! వాయిస్‌మెయిల్ అక్కడ లేనే లేదు, అయినా అదే రోగం. మార్చేయమన్న పెట్టె నిర్దోషి అని అప్పుడు తేలింది. నిజం చెప్పొద్దూ, చిన్నపిల్లలా సంబరపడ్డాను.

ఫోను తిప్పి చూస్తే అడుగున గోరంత స్విచ్ ఒకటి. పక్కన 100, 300, 600 అని అచ్చు వేసి ఉంది. స్విచ్ 600 దగ్గర ఉంది. పెన్ను మొనతో 100కి జరిపి మళ్లీ ఫ్లాష్ నొక్కాను. ఈసారి డయల్ టోన్ వచ్చింది.

ఫ్లాష్ అంటే లైనుని రెప్పపాటు తెంచి కలపడమే. ఆ అంకెలు తెంచి ఉంచే మిల్లీసెకన్లు. పాత పల్స్ డయలింగ్‌లో అంకెలకి కూడా లైను ఇలాగే తెగుతుంది, సుమారు 60 మిల్లీసెకన్ల చొప్పున. అంతకన్నా కాస్త ఎక్కువసేపు తెగితే బోర్డు దాన్ని ఫ్లాష్ అనుకుంటుంది. తనకి పెట్టిన హద్దు దాటితే ఫోను పెట్టేశారనుకుని కాల్ తెంపేస్తుంది. వాయిస్‌మెయిల్ కూడా ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు మనలాగే ఫ్లాష్ కొట్టి, నంబరు డయల్ చేసి తప్పుకుంటుంది. మాది 600 కొడుతోంది. మూడు, నాలుగు పోర్టుల హద్దు 200 దగ్గర ఉంది.

ఆ రెండింటికే ఎందుకు? పైన ఒక్క కార్డు మార్చామన్నాను కదా, ఆ రెండు పోర్టులూ దాని మీదే ఉన్నాయి. కొత్త కార్డు పెట్టినప్పుడు ఆ సెట్టింగులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండిపోయాయి. ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ సర్వీసువాళ్ల దగ్గరే ఉంది కాబట్టి మళ్లీ ఆ అబ్బాయినే పిలిచాం. హద్దు పెంచడానికి అతనికి ఐదు నిమిషాలు పట్టింది. అన్ని ఎక్స్‌టెన్షన్లకీ పెంచేయబోతే వద్దన్నాను. మనుషులు వాడే ఫోన్లలో హద్దు మరీ ఎక్కువైతే, గబుక్కున పెట్టి ఎత్తినా ఫ్లాష్ కిందే లెక్కేస్తుంది.

ఇక, బోర్డు మీద ఏ ఫిర్యాదూ లేదని మొదట్లో రాశాను. దానికి కొంచెం సవరణ. అవతల ఎవరూ ఎత్తకపోతే కాల్‌ని వెనక్కి తీసుకుని మెసేజ్ రికార్డు చేసేలా మా వాయిస్‌మెయిల్‌ని పెట్టాం. నాలుగు రింగులు చూస్తుంది. బోర్డేమో, ఎత్తని కాల్‌ని మూడు రింగులకే వాయిస్‌మెయిల్ గ్రూపుకి పంపేసేది. అంటే వాయిస్‌మెయిల్ చేసిన ఫోనుని ఇంకో పోర్టులో వాయిస్‌మెయిలే ఎత్తేది! ఫోను చేసినవాళ్లు మళ్లీ మొదటి స్వాగతం దగ్గరికే వచ్చి పడేవారు. బోర్డులో ఆరు రింగులు చేశాక అది తగ్గింది.

అవతలివాళ్లు మెసేజ్ ఇవ్వకుండా పెట్టేస్తే ఒక్కోసారి ఎంగేజ్ టోనే రెండు నిమిషాలు రికార్డవుతుంది. అది ఇంకా పోలేదు. సోమవారం పొద్దున్నే వచ్చి వాటిని తుడిచేయడం నా పనుల్లో ఒకటి.

ఇంకా వాడొచ్చా అంటే, మా మట్టుకు వాడొచ్చు. సున్నా నొక్కితే ఎత్తడానికి రోజంతా నేనుంటాను, ట్రాన్స్‌ఫర్ తప్పినా మనిషి దొరుకుతుంది. ముందు టేబుల్ దగ్గర ఎవరూ ఉండని ఆఫీసుకి, అందరూ బయట తిరిగే ఉద్యోగాలకి నేనైతే ఇది చెప్పను. పాస్‌వర్డ్ మీ దగ్గర లేకపోతే అసలే చెప్పను. మాది ఈమధ్యే అడిగి రాయించుకున్నాను. కార్డు మార్చిన ప్రతిసారీ నాలుగు పోర్టులకీ విడివిడిగా ఫోను చేసి చూడాలని పెట్టె తలుపు లోపలివైపు కాగితం కూడా అంటించాను. ఆ అడుగున స్విచ్ ఉన్న ఫోను ఇప్పుడు నా సొరుగులో ఉంటోంది, ఎవరడిగినా ఇవ్వను.