సెకండ్ హ్యాండ్ డాంగిల్ కొనేవాళ్ళు జాగ్రత్త, లైట్ వెలిగింది కదా అని డబ్బులు పంపేయకండి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది కాబట్టి వాక్యాలు వంకరగా వస్తే సర్దుకుని చదవండి. తెలియనివాళ్ళకి, డాంగిల్ అంటే పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ తాళం. పాటల సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే ప్లగిన్ల (ఎఫెక్టులు, వాయిద్యాల ప్రోగ్రాముల) లైసెన్సులు అందులో ఉంటాయి, అది గుచ్చితేనే అవి తెరుచుకుంటాయి. “స్టూడియో మూసేస్తున్నా, డాంగిల్ సహా మొత్తం ప్లగిన్లు ఇచ్చేస్తున్నా, సీరియస్ బయ్యర్స్ మాత్రమే మెసేజ్ చెయ్యండి” అని తిప్పి తిప్పి యాడ్ పెడుతుంటాడే, ఆయన గురించే ఇది. ఎవరో మీలో చాలామందికి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. పేరు మాత్రం రాయను, రాస్తే ఈ పోస్టే లేపేయిస్తాడు, చదవాల్సినవాళ్ళు చదవకుండా పోతారు. నేను సీరియస్ బయ్యర్‌నే అండి. అంతే సీరియస్‌గా మోసపోయాను.

వెనక కథ గబగబా చెప్పేస్తా. కంప్రెసర్లు, ఈక్యూలు ఉన్న బండిల్ ఒకటి, ఓ మంచి రివర్బ్ (గొంతు పెద్ద హాల్లో మోగినట్టు చేసేది), రెండు సింథ్‌లు, అన్నీ ఒకే యూఎస్‌బీ డాంగిల్ మీద. ఆయన చెప్పిన రేటు మరీ చవక కాదు, అలాగని ఎక్కువా కాదు, అనుమానం రాని రేటు, అక్కడే ఉంది తెలివంతా. వీడియో కాల్‌లో ఒక్కో ప్లగిన్ తెరిచి చూపించాడు, సగం డబ్బులు పంపాను, కొరియర్‌లో డాంగిల్ వచ్చింది, నా సిస్టమ్‌కి గుచ్చి డ్రైవర్ వేస్తే అన్నీ టకటకా తెరుచుకున్నాయి, మిగతా సగం కూడా పంపేశాను. “థాంక్యూ బ్రో, బాగా వాడుకో” అన్నాడు. వాడుకున్నాం ఎవరికి వాళ్ళం.

నేను కొన్నది ఏ బ్రాండ్ డాంగిల్ అన్నది ఇక్కడ అనవసరం, నా గొడవ డాంగిల్ తయారుచేసినవాళ్ళతో కాదు. కానీ ఇది పనిచేసే తీరు తెలియాలి, లేకపోతే మీరూ నాలాగే పడతారు. ఐలాక్ అని బాగా వాడుకలో ఉన్న డాంగిల్ ఒకటుంది, దాని సంగతే తీసుకోండి. లైసెన్స్ వెళ్ళి డాంగిల్‌లో కూర్చుంటుంది, దాని మీద హక్కు మాత్రం అకౌంట్‌ది. డాంగిల్ గుచ్చితే చాలు, డ్రైవర్, ఆ ప్లగిన్ వేసి ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా ప్లగిన్ తెరుచుకుంటుంది, లాగిన్ అవ్వమని అడగదు, నెట్ కూడా అక్కర్లేదు. జేబులో వేసుకుని ఏ స్టూడియోకి వెళ్ళినా పని చేసుకోవచ్చని అలా పెట్టారు. నిజంగా మంచి సౌకర్యమే. కానీ ఆ అకౌంట్ ఎవరిదో డాంగిల్ కొన్నవాడికి ఎక్కడా కనపడదు, నా ప్లగిన్లు నా దగ్గర పనిచేస్తున్నాయి అనుకుంటూ హాయిగా మిక్స్‌లు చేసుకుంటూ ఉంటాడు.

ట్రాన్స్‌ఫర్ సంగతి నేను అడగలేదనుకునేరు. అడిగాను, చాట్ ఇప్పటికీ ఉంది. “బ్రో, అకౌంట్ మార్చాలంటే ఒక్కో లైసెన్స్‌కీ ఫీజు కట్టాలి, దండగ, అది నువ్వు కట్టాలా నేను కట్టాలా అని మళ్ళీ పంచాయితీ. డాంగిల్ నీ చేతిలో ఉంటే లైసెన్సులు నీ చేతిలో ఉన్నట్టే. నేను వెనక్కి లాక్కోవాలన్నా డాంగిల్ నా కంప్యూటర్‌కి గుచ్చాలిగా” అన్నాడు. ఇందులో అబద్ధం ఎక్కడుందో వెతకండి చూద్దాం. ట్రాన్స్‌ఫర్‌కి ఫీజు ఉందన్నది నిజం. డాంగిల్ గుచ్చకుండా దాని మీది లైసెన్స్‌ని ఇంకో డాంగిల్‌కి జరపలేరన్నదీ నిజం. ఇన్ని నిజాలు వడ్డించి ఒక్కటి మాత్రం మింగేశాడు. డాంగిల్ పోయిందనో, ఎవరో కొట్టేశారనో కంపెనీకి చెబితే దాని మీదున్న లైసెన్సుల బదులు వేరేవి ఇస్తారు. ఐలాక్‌లోనైతే దానికోసం జీరో డౌన్‌టైమ్ అని ఏడాదికోసారి కట్టుకునే కవరేజ్ కూడా ఉంది, అది లేనివాళ్ళు ఒక్కో ప్లగిన్ కంపెనీనీ విడివిడిగా బతిమాలుకోవాలి. నిజంగా బ్యాగ్ పోగొట్టుకున్నవాడికి ఆ ఏర్పాటు లేకపోతే బతుకు బస్టాండే, అందుకని తప్పుపట్టను. కానీ నా దగ్గర డబ్బులు తీసుకుని, చేతులారా ప్యాక్ చేసి పంపిన డాంగిల్‌ని “పోయింది సార్” అని రాయడానికి ఆయనకి చెయ్యెలా వచ్చిందో. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది నా పని.

కొన్నాళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. ఒక సింగర్ వోకల్ మిక్స్ చేస్తున్నా, ఆ రివర్బ్ మీదే పాటంతా నిలబడి ఉంది. మధ్యలో ఒక ప్లగిన్ అప్‌డేట్ అడిగితే నెట్ ఆన్ చేసి లైసెన్స్ మేనేజర్‌లో సింక్ కొట్టాను, అంటే డాంగిల్‌లో ఉన్నదాన్ని కంపెనీ రికార్డుతో సరిచూడమన్నాను. సెషన్ మళ్ళీ తెరిస్తే వరసపెట్టి విండోలు, ఈ ప్లగిన్‌కి ఆథరైజేషన్ దొరకలేదు, ఆ ప్లగిన్‌కి దొరకలేదు, ఒకటి మూస్తే ఇంకోటి. పోర్ట్ మార్చాను, హబ్ పీకేసి నేరుగా గుచ్చాను, రీస్టార్ట్ చేశాను, డ్రైవర్ తీసి మళ్ళీ వేశాను. డాంగిల్ లైట్ మాత్రం దర్జాగా వెలుగుతూనే ఉంది. ఇంకోపక్క ఆ అమ్మాయి ఫోన్ మీద ఫోన్, “అన్నా, బౌన్స్ పంపించావా” అని, అంటే మిక్స్ చేసిన ఫైల్ అన్నమాట. ఏం చెప్పను, నీ గొంతు భద్రంగానే ఉందమ్మా, దాని చుట్టూ ఉన్న హాలే మాయమైంది అని చెప్పనా?

అప్పటికీ ఆయన మీద అనుమానం రాలేదు చూడండి, అదీ నా తెలివి. సాయం అడుగుదామనే మెసేజ్ పెట్టాను, “అన్నా, లైసెన్సులు కనపడట్లేదు, నీకెప్పుడైనా ఇలా అయిందా” అని, పైగా కింద దణ్ణం పెట్టే బొమ్మ ఒకటి. చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ చూశాడు. ఇక లాభం లేదని ఫోన్ చేస్తే ఎత్తాడు, గొంతులో ఇసుమంత తడబాటు లేదు. “బ్రో, నేను నీకు డాంగిల్ అమ్మాను. డాంగిల్ నీ దగ్గరే ఉంది కదా? లైట్ వస్తోంది కదా? మరి ప్రాబ్లం ఏంటి? లైసెన్సులు నా పేరు మీదవి, నా పేరు మీదే ఉంటాయి. కావాలంటే యాడ్ చదువుకో.”

వెళ్ళి చదువుకున్నాను. యాడ్ మార్చేశాడు. “డాంగిల్ సహా మొత్తం ప్లగిన్లు” అని ఉండాల్సిన చోట “యూఎస్‌బీ డాంగిల్, వాడినది, కండిషన్ బాగుంది” అని ఉంది. కండిషన్ బాగుందట. మొదటి యాడ్ స్క్రీన్‌షాట్ నా దగ్గర లేదు, ఎవరు తీస్తారండి యాడ్‌లకి స్క్రీన్‌షాట్లు, పెళ్ళిచూపుల ఫొటోలా అవి.

మళ్ళీ ఫోన్ చేసి, డాంగిల్ పోయిందని నువ్వే రిపోర్ట్ ఇచ్చావు కదా అని సూటిగా అడిగాను. కాదనలేదు. అవుననలేదు. ఓ నిట్టూర్పు విడిచి, పెద్దమనిషి చిన్నపిల్లాడికి బుద్ధి చెప్పినట్టు ఒక మాట అన్నాడు, అదే ఇంకా చెవుల్లో గింగురుమంటోంది: “అంత అవసరమైతే కొత్తది కొనుక్కో బ్రో. మ్యూజిక్ చేసేవాళ్ళం మనమే పైరసీ చేస్తే ఎలా?”

పైరసీ. నేను! డబ్బులు కట్టి కొన్నవాడిని నేను, అమ్మిన సరుకు మళ్ళీ తన చేతిలోకి తెచ్చుకుని కూర్చున్నవాడు ఆయన, పాఠం నాకు. డబ్బులు పోయిన బాధ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. తిడితే పడేవాడిని, బూతులు తిట్టినా ఇంతలా ఉండేది కాదు. తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు, అది మామూలే.

సరే, ప్లగిన్ కంపెనీకి రాద్దాం, మనుషులే కదా అని పేమెంట్ వివరాలు, చాట్, కొరియర్ రసీదు, డాంగిల్ సీరియల్ నంబర్ ఫొటో అన్నీ జతచేసి సపోర్ట్ టికెట్ పెట్టాను. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. మా రికార్డుల ప్రకారం ఈ లైసెన్సుల యజమాని మీరు కాదు, మా ద్వారా ట్రాన్స్‌ఫర్ కాని అమ్మకాన్ని మేం గుర్తించం, ఈ డాంగిల్ పోయినట్టు నమోదై ఉంది, మీకు దొరికి ఉంటే దయచేసి యజమానికి తిరిగి అందజేయగలరు. చదివారుగా, తిరిగి అందజేయాలట! కొరియర్ ఖర్చు నాదే కాబోలు. అన్ని రుజువులు పంపినా ఆ అకౌంట్ మీద కనీసం విచారించి చూస్తాం అన్న మాట కూడా లేదు, చివర్లో మా సేవలకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని ఒక లింకు మాత్రం ఉంది.

నిజం చెప్పాలంటే ఈ డాంగిల్ సంస్కృతి మీదే నాకు విరక్తి పుట్టింది. ఇదేం కొత్త కాదు, 1989లో అటారీ ఎస్‌టీ కంప్యూటర్ మీద వచ్చిన క్యూబేస్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కే కార్ట్రిడ్జ్ పోర్ట్‌లో గుచ్చే డాంగిల్ ఉండేది. ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కైతే చాలాకాలం ఆ కంపెనీ హార్డ్‌వేరే తాళం, 2010లో వెర్షన్ 9 వచ్చాక ఎవరి ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, స్పీకర్లు గుచ్చే పెట్టె) అయినా వాడుకోండి, ఐలాక్ మాత్రం ఉండాల్సిందే అన్నారు. 2013 జూన్‌లో ఐలాక్ వాళ్ళు కొత్త లైసెన్స్ మేనేజర్‌కి మారినప్పుడు న్యాయంగా కొనుక్కున్నవాళ్ళు ఎంతమంది పని ఆగిపోయి కూర్చున్నారో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. క్రాక్, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ వేసుకున్నవాడికి ఆ వారం ఏ ఇబ్బందీ లేదు, అదే కదా కడుపుమంట. అలాగని క్రాక్ వేసుకోమనట్లేదు, నేనూ వేసుకోను, ఇంకో అరడజను రోగాలు తెచ్చుకోవడం నాకిష్టం లేదు. కానీ డాంగిల్ లేకపోతే కంపెనీలు మునిగిపోతాయన్న మాట మాత్రం నాకు చెప్పకండి. లాజిక్ అనే ఇంకో మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి 2007లోనే తీసేశారు, క్యూబేస్‌కి 2022లో వెర్షన్ 12తో తీసేశారు, రెండూ నిక్షేపంగా అమ్ముడుపోతున్నాయి.

క్యూబేస్ అంటే గుర్తొచ్చింది, ఇదే మనిషి దగ్గర క్యూబేస్‌కి వాడిన పాత ఈలైసెన్సర్ డాంగిల్స్ కూడా ఉన్నాయి, అవీ “ఫుల్ లైసెన్స్, అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు” అని అమ్ముతున్నాడు. ఆ ఈలైసెన్సర్ సర్వీస్‌ని క్యూబేస్ తయారుచేసే స్టైన్‌బర్గ్ 2025 మే 20న మూసేసింది. ఇప్పుడు దాని మీదున్న లైసెన్స్ ఆ డాంగిల్ బతికున్నన్నాళ్ళు, మీ ఆపరేటింగ్ సిస్టమ్ ఒప్పుకున్నన్నాళ్ళు పాత వెర్షన్‌ని తెరుస్తుంది, అంతే. ఇంకో డాంగిల్‌కి మార్చలేరు, దాన్ని పట్టుకుని కొత్త వెర్షన్‌కి అప్‌గ్రేడూ అవ్వలేరు. అది విరిగినా, కాలిపోయినా, బ్యాగ్‌లోంచి జారిపోయినా గోవిందా. పాత ప్రాజెక్టులు తెరుచుకోవడానికి తెలిసి కొనుక్కుంటే మీ ఇష్టం, అప్‌గ్రేడ్ ఆశతో మాత్రం కొనకండి.

సలహాలు ఇచ్చే మూడ్‌లో లేను గానీ, ఇంకెవరూ నాలా పడకూడదు కాబట్టి చెప్తున్నా. అమ్మేవాడి అకౌంట్‌లోంచి మీ అకౌంట్‌లోకి లైసెన్స్ ట్రాన్స్‌ఫర్ అయ్యి, మీరు లాగిన్ అయితే మీ లిస్టులో కనపడాలి, పూర్తి డబ్బులు అప్పుడే పంపండి. ఆ ఫీజు మీరే కట్టుకోండి, గీచిగీచి బేరమాడకండి. ముందు డబ్బు పంపితేనే ట్రాన్స్‌ఫర్ చేస్తా అంటే కొనేవాళ్ళకి రక్షణ ఉండే పేమెంట్ పద్ధతి వాడండి, అదీ వద్దంటే వదిలేయండి. కొనేముందు ఆ ప్లగిన్ కంపెనీకే ఒక మెయిల్ కొట్టి సెకండ్ హ్యాండ్ ట్రాన్స్‌ఫర్ ఒప్పుకుంటారా అని అడగండి, కొన్ని కంపెనీలు అసలు ఒప్పుకోవు, స్టూడెంట్ లైసెన్సులు, రివ్యూలకి ఊరికే ఇచ్చిన ఎన్ఎఫ్ఆర్ లైసెన్సులు సాధారణంగా చేతులు మారవు. డాంగిల్ ఖాళీదైనా ఫర్వాలేదు, అది విడిగా కొనుక్కోవచ్చు. యాడ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, నన్ను చూసి నవ్వుకుంటూ అయినా తీసుకోండి.

ఆయన యాడ్ ఇవాళ మళ్ళీ పైకి వచ్చింది, “డాంగిల్ సహా మొత్తం ప్లగిన్లు” అనే ఉంది, ఈసారి స్క్రీన్‌షాట్ తీశాను. ఫొటోలో ఉన్నది వేరే డాంగిల్, నాది నా దగ్గరే ఉందిగా. ఇప్పటికే ఆయనతో మాట్లాడుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే డబ్బులు పంపకముందే నాకు మెసేజ్ చెయ్యండి, చాట్ మొత్తం చూపిస్తాను. ఇంతకుముందే ఇలా పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళూ చెయ్యండి, ఒకే అకౌంట్ మీద రెండు మూడు ఫిర్యాదులు పడితే ఆ కంపెనీ ఏమంటుందో చూద్దాం.