డెలీలో సాసేజ్‌లు కొంటున్నారా? తెల్ల స్టిక్కర్ వేసిన ప్యాకెట్లతో జాగ్రత్త

చికాగో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు, ముఖ్యంగా ఇంట్లో గర్భిణులో పెద్దవాళ్లో బీఫ్ ముట్టనివాళ్లో ఉంటే, ఈ విషయం చెప్పి తీరాలనిపించింది. యూరప్ సాసేజ్‌లు అమ్మే చిన్న డెలీల్లో (మాంసం, చీజ్ కోసి అమ్మే షాపుల్లో) కొన్ని ప్యాకెట్ల మీద షాపువాళ్ల సొంత తెల్ల స్టిక్కర్ తప్ప ఇంకేమీ ఉండదు. అలాంటివి చేతికిస్తే అసలు కంపెనీ లేబుల్ చూపించమని అడగండి. చూపించకపోతే అక్కడే వదిలేసి వచ్చేయండి.

షాపు పేరు రాయడం లేదు. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు చేశాం, తేల్చాల్సింది వాళ్లు. ఇదే పని ఇంకో షాపులో జరిగితే మీరు గుర్తుపట్టగలగాలి, అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

వారాంతంలో పెరట్లో గ్రిల్ పెట్టుకుందామని పోలిష్ కీల్‌బాసా, జర్మన్ బ్రాట్‌వుర్స్ట్ అనే సాసేజ్‌లు కొనడానికి వెళ్లాం. వచ్చేవాళ్లలో బీఫ్ తిననివాళ్లే ఎక్కువ. అందుకే కౌంటర్ దగ్గర స్పష్టంగా అడిగాను: "బీఫ్ ఉండకూడదు, దూడమాంసం కూడా ఉండకూడదు. ఇవి పూర్తిగా పోర్కేనా?" "అన్నీ పోర్కే" అన్నాడు కౌంటర్‌లో ఉన్నతను. స్టిక్కర్ మీద పేరు, బరువు, ధర, ఒక తేదీ ఉన్నాయి. ఏమేం కలిపారో ఒక్క ముక్క లేదు. ప్యాక్ చేసి అమ్మేదాని మీద పదార్థాల వివరం ఉండాలి కదా అంటే, "ఇక్కడే చేసినవండీ" అని బదులిచ్చాడు.

ఇంటికొచ్చాక బ్రాట్‌వుర్స్ట్ ప్యాకెట్ మీద తడి తగిలి స్టిక్కర్ అంచు లేచింది. దాని కింద కంపెనీ లేబుల్ ఉంది. పోర్క్, వీల్, పాలపొడి అని వరసగా రాసి ఉంది. వీల్ అంటే దూడమాంసం, అంటే ఏదైతే వద్దన్నామో అదే. అమ్మకానికి పెట్టిన గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది. పైన అంటించిన తేదీ మాత్రం ఇంకా చాలా రోజులు ఉందన్నట్టు చూపిస్తోంది. కీల్‌బాసా సంగతి ఇంకా అన్యాయం. పాత కవర్ తీసేసి వేరే ప్లాస్టిక్‌లో మళ్లీ సీల్ వేశారు, కింద వెతకడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

మా తోడికోడలికి ఆరో నెల. "అక్కా, అది ఎక్కడ తయారైందో కూడా తెలియదు కదా, నేను తినను" అంది. ఆ మాటతో అన్నీ పక్కన పెట్టేశాం. తిరిగి తీసుకెళ్తే మేనేజర్ చెప్పింది ఇదీ: "స్మోక్ చేసినవి, ఏమీ కాదు. తెరిచిన ప్యాకెట్‌కి డబ్బు వాపసు లేదు."

పొగబెట్టినంత మాత్రాన ఏమీ కాదనేది నిజం కాదు. 2024లో బోర్స్ హెడ్ కంపెనీ వర్జీనియాలోని జారట్ ప్లాంటులో చేసిన లివర్‌వుర్స్ట్ (కాలేయంతో చేసే సాసేజ్) వల్ల లిస్టీరియా అనే బాక్టీరియా వ్యాపించి 10 మంది చనిపోయారు, 19 రాష్ట్రాల్లో 61 మంది జబ్బుపడ్డారు. 70 లక్షల పౌండ్లకు పైగా సరుకు వెనక్కి పిలిచారు. ఆ కంపెనీ లివర్‌వుర్స్ట్ చేయడమే మానేసింది. లిస్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. గర్భిణికి మామూలు జ్వరంలా వచ్చి పోతుంది, కడుపులో బిడ్డకు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ రీకాల్ సమయంలో జనం తమ ఇంట్లో ఉన్నది ఆ సరుకేనా అని ఎలా తెలుసుకున్నారు? లేబుల్ మీద యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) గుండ్రటి ముద్రలో ఉండే ప్లాంటు నంబరు చూసి. షాపువాడు ఆ లేబుల్ పీకేస్తే రేపు రీకాల్ వచ్చినా మన ఫ్రిజ్‌లో ఉన్నది ఏదో మనకి తెలియదు. నాకు కోపం వచ్చింది డబ్బు పోయినందుకు కాదు, దీనికి.

మాంసం గురించి కూడా కాస్త తెలుసుకుని వెళ్లండి. మ్యూనిక్ వైస్‌వుర్స్ట్ ప్రధానంగా దూడమాంసంతోనే చేస్తారు. మాంసం నిల్వ ఉండడానికి, ఎర్రగా కనబడడానికి వేసే నైట్రైట్ అందులో ఉండదు, అందుకే తెల్లగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది. మధ్యాహ్నం లోపే తినేయాలనే ఆనవాయితీ అక్కడ అందుకే పుట్టింది. అలాంటిది వారాల నాటిది అంటగడితే ఎంత ప్రమాదమో చూడండి. బ్రాట్‌వుర్స్ట్ పోర్క్‌తోనే చేసేవీ ఉన్నాయి, వీల్ కలిపేవీ ఉన్నాయి, పేరు చూసి చెప్పలేం. అమెరికాలో ఫ్రాంక్‌ఫర్టర్ (హాట్‌డాగ్ సాసేజ్) అని అమ్మేవాటిలో చాలావాటిలో బీఫ్ ఉంటుంది. చికెన్ సాసేజ్ అయినా పైపొర పంది పేగుది కావచ్చు, కొలాజెన్ పొర అయితే ఎక్కువగా పశువుల చర్మం నుంచి వచ్చేదే. సీల్ చేసిన కంపెనీ ప్యాకెట్ మీద ఇవి రాయాలి. కౌంటర్‌లో విడిగా కోసి ఇచ్చేటప్పుడు మనమే అడగాలి.

విడిగా కొంటే పెట్టె చూపించమనండి. మంచి షాపువాళ్లు విసుక్కోరు, లోపలికెళ్లి తెచ్చి చూపిస్తారు. మేం ఇప్పుడు వెళ్తున్న చోట పెద్దాయన అడక్కుండానే ఏ రోజు తెరిచారో చెబుతాడు. షాపులోనే వాక్యూమ్ సీల్ వేసేవాళ్లకు దానికి తగిన భద్రతా ప్రణాళిక రాతపూర్వకంగా ఉండాలి, అది ఉందా అని అడగడంలో తప్పు లేదు. ఇంట్లో గర్భిణి ఉంటే, ఉడికించి అమ్మినవైనా సరే, లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చేదాకా వేడిచేసి పెట్టండి.

ఇలాంటిది మీకూ తగిలితే ప్యాకెట్ పారేయకండి. రెండు స్టిక్కర్లూ కనబడేలా ఫోటోలు తీసి, బిల్లు దాచి, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు పంపండి. యూఎస్‌డీఏ మీట్ అండ్ పౌల్ట్రీ హాట్‌లైన్ 1-888-674-6854కు కూడా చెప్పవచ్చు. ఇప్పటికే ఫ్రీజర్‌లో తెల్ల స్టిక్కర్ ప్యాకెట్లు ఉంటే ఈ రోజే తీసి చూడండి. గడ్డకట్టినంత మాత్రాన లిస్టీరియా చావదు.