రోజూ కట్టుకునే బట్టలు: సెట్లు మేలా, విడి టాప్‌లు మేలా, కాటన్ చీరలు మేలా?

ఆషాఢం సేల్ బోర్డులు కట్టగానే తెలిసినవాళ్ళంతా ఒకటే అడుగుతుంటారు. "బట్టలు తగ్గించి క్యాప్సూల్ వార్డ్‌రోబ్ పెట్టుకుందామనుకుంటున్నానక్కా, సెట్లు తీసుకోనా, విడివిడిగా తీసుకోనా?" అని. చీరలు కట్టుకునేవాళ్ళు "మా సంగతేంటి?" అంటారు. ఈ మధ్య నా బీరువా కూడా సర్దుకున్నాను కాబట్టి, అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అంటే తక్కువ బట్టలుండాలి, అవన్నీ ఒకదానితో ఒకటి కలవాలి అన్న ఆలోచన. 1970లలో లండన్‌లో బట్టల షాపు నడిపిన సూసీ ఫాక్స్ ఆ మాటను ప్రచారంలోకి తెచ్చారు. 1985లో అమెరికన్ డిజైనర్ డోనా కారన్ ఏడు పీసుల కలెక్షన్‌తో దాన్ని ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ దగ్గరికి చేర్చారు. వాళ్ళ చలికీ, వాళ్ళ ఆఫీసులకీ తగ్గట్టు తయారైన జాబితాలు మన ఎండలకు పనికిరావు. మనకు అక్కర్లేని కోట్లు, స్వెటర్లు తీసేస్తే అందులో సగం ఖాళీ అవుతుంది.

పట్టుచీరలు, పెళ్ళి బట్టలు ఈ లెక్కలో లేవు. పొద్దున్నే ఆఫీసుకో బడికో బ్యాంకుకో వెళ్ళి సాయంత్రం చెమటతో ఇంటికొచ్చేవాళ్ళ బట్టల గురించే నేను మాట్లాడేది.

రంగు, ఫ్యాషన్, ధర అన్నీ చూడాల్సినవే. కానీ నన్నడిగితే తేల్చేది ఉతుకు. ఒక టాప్ ఒంటిమీద ఉండేది ఒక్కరోజు. తర్వాత బుట్టలో రెండు రోజులు, దండెం మీద ఒకరోజు, ఇస్త్రీ బండికి వేస్తే ఇంకోరోజు. అంటే వేసుకున్న టాప్ మళ్ళీ చేతికి రావడానికి ఐదు రోజులు పడుతుంది. మూడు రోజులకోసారి మెషీన్ వేసే ఇంట్లో ఏడు టాప్‌లుంటే ఇబ్బంది ఉండదు. ముసురు పట్టిందంటే అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఏదీ ఒక్కరోజులో ఆరదు, ఆరినా ముక్కవాసన పోదు. ఆ రెండు మూడు నెలలకని ఇంకో రెండు కలుపుకోండి. "మొత్తం ఎన్ని ఉండాలి?" అని నన్ను అడిగేకంటే మీ ఇంట్లో మెషీన్ ఎన్నాళ్ళకోసారి తిరుగుతుందో చూసుకుంటే జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక సెట్ల సంగతి. టాప్, ప్యాంటు, చున్నీ మూడూ ఒకే రంగులో, మడతపెట్టి, కవర్లో వస్తాయి. పొద్దున్న ఏడింటికి ఒకచేత్తో క్యారేజీ సర్దుతూ, రెండోచేత్తో పిల్లాడికి టై కడుతున్నప్పుడు "దీనిమీదకి ఏది వేయాలి" అనే టెన్షన్ ఉండదు. ఈ సుఖం చిన్నదేమీ కాదు. మూడూ విడిగా కొనేకంటే సేల్‌లో సెట్టు చవగ్గానే పడుతుంది కూడా.

చిక్కల్లా అది పాతబడే తీరులో ఉంది. ఆ మూడూ ఒకే వేగంతో పాతబడవు. ముందు పోయేది ప్యాంటు. చాలా సెట్లు వచ్చేది రేయాన్‌లోనే. తొడలు రాసుకునే చోట గుడ్డ ఉండలు కడుతుంది, నడుం ఎలాస్టిక్ సాగుతుంది, మడమ దగ్గర అంచు నలిగిపోతుంది. తర్వాత టాప్, చంకల దగ్గర. అందరికంటే ఆఖరున చున్నీ, ఎందుకంటే దాన్ని మనం అన్నిసార్లు ఉతకం. కొన్ని నెలలయ్యాక వెలుతుర్లో పెట్టి చూడండి, ఒకే డ్రెస్సు మూడు షేడ్లలో ఉంటుంది. షాపులో చూసి మురిసిపోయిన మ్యాచింగే అప్పుడు ఎబ్బెట్టుగా కనబడుతుంది. ప్యాంటు పోయాక టాప్ బాగానే ఉన్నా బీరువా అడుగుకు చేరుతుంది, దాని పువ్వులకు ఇంకే ప్యాంటూ కలవదు కాబట్టి.

పైగా ప్యాంటును రెండు రోజులు వేసుకోవచ్చు, టాప్‌ను వేసుకోలేం. సెట్టులో మాత్రం రెండూ ఒకేరోజు బుట్టలో పడతాయి. ప్యాంటు ఉతుకులో సగం అక్కడే దండగ.

విడిగా కొంటే లెక్క మారిపోతుంది. ఏడు సెట్లంటే ఏడు జతలు, ఒక ప్యాంటు చిరిగితే ఆరు. ఏడు టాప్‌లు, నాలుగు ప్యాంట్లయితే కాగితం మీద ఇరవై ఎనిమిది జతలు. అన్నీ కలవవు లెండి, సగమే కలిశాయనుకున్నా పద్నాలుగు. ఒక ప్యాంటు చిరిగినా ఏ టాపూ మూలన పడదు, ఆ రంగు ప్యాంటు ఇంకోటి తెచ్చుకుంటే సరి.

కాకపోతే కొనే వరుస మారాలి. మనమంతా టాప్ చూసి మనసు పారేసుకుని, ఇంటికొచ్చాక దానికి ప్యాంటు వెతుకుతాం. ముందు ప్యాంట్లు కొనండి. అన్నీ ప్లెయినే, పువ్వులు, గళ్ళు వద్దు. రంగుల్లో అందరూ మొదట నలుపు అంటారు, నేను ఒప్పుకోను. నలుపు ఉతికేకొద్దీ తుప్పు రంగులోకో బూడిద రంగులోకో తిరుగుతుంది, నల్ల టాప్ పక్కన పెడితే ఆ తేడా చాలా దూరం నుంచే తెలిసిపోతుంది. గంధం రంగు, ఉల్లిపొట్టు రంగు, బూడిద రంగు, ముదురు నీలం, ఈ నాలుగూ మన ఇళ్ళల్లో కనబడే టాప్‌లలో చాలావాటి కిందకు వెళ్తాయి. పైగా అవి వెలిసినా ఎవరూ పట్టుకోలేరు (ముదురు నీలం మాత్రం కొంచెం దొరికిపోతుంది). తెల్ల ప్యాంటు అందమే, కానీ వానాకాలంలో స్కూటీ నడిపేవాళ్ళకు కాదు.

టాప్‌లు రెడీమేడ్ కంటే కుట్టించుకుంటేనే నాకు నచ్చుతుంది. కుట్టుకూలి పోసినా సరే. మంగళగిరి కాటన్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. మధ్యలో ప్లెయిన్, అంచుకు సన్నటి జరీ, ఏ ప్యాంటు మీదకైనా పెద్దరికంగా ఉంటుంది. రెండున్నర మీటర్లు తీసుకుని, టైలర్‌కు ఇచ్చేముందు ఒక రాత్రి నీళ్ళల్లో నానబెట్టి ఆరేయండి. ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది, రంగు దిగేదైతే అదీ బకెట్‌లో తెలిసిపోతుంది. ఇక్కత్‌లో ఇంకో లాభం ఉంది. పోచంపల్లిలో దారానికే రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి గుడ్డకు రెండువైపులా రంగు పట్టి ఉంటుంది. ఒకవైపే అచ్చు వేసిన ప్రింట్‌లా తొందరగా పైపైన పాలిపోయినట్టు కనబడదు.

టైలర్‌కు ఒకటే మాట చెప్పండి, రెండు పక్కలా లోపల అంగుళం గుడ్డ వదలమని. ఒళ్ళు కొంచెం వచ్చినా కుట్టు విప్పుకుంటే చాలు, టాప్ మళ్ళీ వాడకంలోకి వస్తుంది. చాలా రెడీమేడ్ టాప్‌లకు లోపల విప్పుకోవడానికి ఏమీ మిగల్చరు, ఓవర్‌లాక్ కొట్టి కత్తిరించేస్తారు. షాపులో టాప్‌ను తిరగేసి చూస్తే కుట్టు పక్కన గుడ్డ ఉందో లేదో వెంటనే తెలుస్తుంది. పనిలో పనిగా ప్యాంటుకు జేబు పెట్టమనండి, ఫోన్ పట్టేంత లోతుగా.

చున్నీలు మూడు చాలు: పెడన కలంకారీ ఒకటి, గంధం రంగు ప్లెయిన్ ఒకటి, మీకు ఇష్టమైన ముదురు రంగు ఒకటి. అసలు చున్నీ వేసుకోనివాళ్ళు ఈ వాక్యం దాటేయండి.

కాటన్ చీరలు కట్టుకునే టీచర్లు, లెక్చరర్లు చాలామందే ఉన్నారు. వాళ్ళ లెక్క వేరు. చీరకు సైజు లేదు, పదేళ్ళ తర్వాతా అదే ఐదున్నర మీటర్లు. ఎండాకాలంలో తప్ప చీరను గాలికి ఆరేసి రెండోసారి కట్టుకోవచ్చు, బ్లౌజు మాత్రం ఏరోజుకారోజు ఉతుక్కే. ఇక జత కలిపే లెక్కలో డ్రెస్సులకు ప్యాంటు ఎలాగో చీరలకు బ్లౌజు అలాగ, దాన్నుంచే మొదలుపెట్టాలి. నలుపు, మెరూన్, ఆకుపచ్చ, ఒక కలంకారీ, ఇలా ఒక ఐదు మంచి బ్లౌజులుంటే పది చీరలు నడుస్తాయి. చీరతోపాటు వచ్చిన బ్లౌజు పీసు ప్రతిదీ కుట్టించడం మానేస్తే చాలు, సగం బరువు దిగిపోతుంది.

అయితే ఉతుకు దగ్గరే చీర నాకు కష్టమనిపిస్తుంది. వెంకటగిరి, నారాయణపేట కాటన్లు కట్టుకుంటే ఒంటికి హాయిగా ఉంటాయి, కానీ గంజి పెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేస్తేనే వాటి అందం. గంజి పెట్టే మనిషో, రోలింగ్‌కు ఇచ్చే ఓపికో ఉండాలి. గద్వాల్ జోలికి రోజువారీకి వెళ్ళకండి, మధ్యలో కాటన్ ఉన్నా అంచు, పల్లూ పట్టు, ఆ రెంటినీ ఒకే బకెట్‌లో ముంచలేం. ఇంట్లో పెద్దవాళ్ళ సాయమో, పనిమనిషో ఉండి, బడి ఇంటి దగ్గరే అయితే చీరకు మించింది లేదు. మెట్రో ఎక్కి దిగి, ఆటో పట్టుకునేవాళ్ళకు వారంలో రెండు రోజులే మేలు.

జీన్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆఫీసులో ఒప్పుకుంటే ఒకటి ఉంచుకోండి, ముసుర్లో రెండు రోజులు ఆరదని గుర్తుపెట్టుకోండి. లెగ్గింగ్స్ చవక, మోకాళ్ళ దగ్గర అంతే త్వరగా సాగిపోతాయి. పాదాల దాకా వచ్చే గౌన్లు ఆదివారాలకు.

ఎంత లెక్కలేసుకున్నా మన బీరువాలో సగం మనం ఎంచుకున్నవి కావు. గృహప్రవేశాలకీ వ్రతాలకీ పెట్టిన చీరలు వస్తూనే ఉంటాయి. వాటికి వేరే అర పెట్టి, కట్టని వాటికి ఫాల్ కుట్టించకుండా ఉంచండి, ఇంకొకరికి పెట్టడానికి పనికొస్తాయి. ఆ అరలోవి రోజువారీ అరలోకి దొర్లకుండా చూసుకోవడమే పెద్ద పని.

ఇప్పటికే సెట్లు కొనిపెట్టుకున్నవాళ్ళు వాటిని పారేయక్కర్లేదు, విడగొట్టండి. ప్లెయిన్ ప్యాంటున్న సెట్లు ముందు తీయండి, ఆ ప్యాంటు మిగతా టాప్‌లలో కనీసం మూడింటికి కలిస్తే ఉంచుకోండి. ప్యాంటు పోయి టాప్ మిగిలిన వాటిని మంచం మీద పరిచి, వాటిల్లో ఎక్కువసార్లు కనబడుతున్న రంగేదో చూడండి. ఈ ఆషాఢంలో ఆ రంగు ప్యాంట్లు రెండు కొంటే మూలన పడ్డ టాప్‌లు చాలావరకు తిరిగొస్తాయి. కొత్త టాప్ సంగతి దసరాకు చూసుకోవచ్చు.