భద్రకాళి బండ్ దగ్గర ‘బాడీ అవేర్‌నెస్ టెస్ట్’ పాంప్లెట్ తీసుకున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

హనుమకొండ, వరంగల్, కాజీపేట వాళ్ళకు, అందులోనూ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళకు చెబుతున్నాను. మా బాపు విషయంలో జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదనే రాస్తున్నాను.

బాపుకు 64 ఏళ్ళు. 14 ఏళ్ళుగా షుగర్ ఉంది, నాలుగేళ్ళుగా పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటాడు. హసన్‌పర్తి వైపు మా ఊళ్ళో ఇప్పటికీ తనే వ్యవసాయం చూసుకుంటాడు. మా ఇంటికి వచ్చినప్పుడు పొద్దున భద్రకాళి బండ్ మీద నడుస్తాడు. అక్కడే ఎవరో పాంప్లెట్ ఇచ్చారు. ‘మీ శరీరం చెప్పేది మీకు ఎంత వినిపిస్తోంది? సైంటిఫిక్ టెస్ట్’ అని ఉంది. బాపును ఆ సెంటర్‌కు నేనే తీసుకెళ్ళాను. టెస్టుకు 4,500 రూపాయలు కట్టింది కూడా నేనే.

ఒక ట్యాబ్‌లో 37 ప్రశ్నలు. ఒళ్ళు బిగుసుకున్నప్పుడు గమనిస్తారా, ఊపిరి మారితే తెలుస్తుందా, మీ శరీరం మీద మీకు నమ్మకం ఉందా, ఇలాంటివి. ప్రతి దానికీ 0 నుంచి 5 వరకు ఏదో ఒకటి నొక్కాలి. 0 అంటే ఎప్పుడూ లేదు, 5 అంటే ప్రతిసారీ. బాపు దాదాపు అన్నిటికీ 5 నొక్కించాడు. తర్వాత అర నిమిషం పాటు గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టమన్నారు. బాపు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని లెక్కపెట్టాడు. వద్దని ఎవరూ అనలేదు.

రిపోర్టులో 185కి 166 వచ్చింది, పక్కన పచ్చ రంగు చుక్క. “మీ శరీరం మీతో చాలా బాగా మాట్లాడుతోంది. మిషన్ల మీద ఆధారపడటం మెల్లగా తగ్గించుకోవచ్చు” అని కౌన్సిలర్ చెప్పింది. ఆపైన 12 సెషన్ల కోర్సు, 18,000. అదృష్టవశాత్తూ అది కట్టలేదు. కానీ ఆ ఒక్క మాట బాపు మనసులో నాటుకుపోయింది. రోజూ వేలికి సూది గుచ్చుకోవడం ఆయనకు మొదటి నుంచీ చిరాకు, స్ట్రిప్స్ ఖర్చు ఇంకో బాధ. “నాకేమైతది బిడ్డా, నా ఒళ్ళు నాకు చెప్తది” అని వారానికి ఒకసారి చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను గట్టిగా ఆపలేదు. రిపోర్టు నేనూ నమ్మాను మరి.

మూడు వారాల తర్వాత, పత్తి ఏరే కూలీలు వచ్చారన్న తొందరలో, ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ సగమే తిని చేనుకు పోయాడు. పదకొండు గంటలకు అమ్మ అన్నం తీసుకుపోతే మాట తడబడుతోంది, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతున్నాడు. ఇంటికి తెచ్చి చూస్తే షుగర్ 46. 70 కంటే తగ్గినా ప్రమాదమే. మింగగలుగుతున్నాడు కాబట్టి అమ్మ మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటకు 83కు వచ్చింది. స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఇది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

తర్వాత బాపును అడిగితే చెమట, వణుకు, దడ ఏమీ తెలియలేదన్నాడు. డాక్టర్‌కు ఇందులో ఆశ్చర్యం కనిపించలేదు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళలో, తరచూ డౌన్ అయ్యేవాళ్ళలో ఆ హెచ్చరికలు మొద్దుబారతాయట. బాపు వేసుకునే బీపీ మాత్ర బీటా బ్లాకర్ రకం, అది దడనూ వణుకునూ ఇంకా కప్పేస్తుందట. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్ళకు గుండెపోటు కూడా పెద్దగా నొప్పి లేకుండా రావచ్చని చెప్పారు. ఆ సెంటర్‌లో షుగర్ ఉందా, ఏ మందులు వాడుతున్నారు అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ రాత్రి రిపోర్టు మళ్ళీ తీశాను. కింద చిన్న అక్షరాల్లో ‘మాయా-2’ అని ఉంది. దాని గురించి కూర్చుని చదివాను. లోపలి నుంచి వచ్చే సంకేతాలను, అంటే ఆకలి, ఊపిరి, గుండె కొట్టుకోవడం లాంటివాటిని, మనిషి ఎలా గమనిస్తాడు, గమనించి ఏం చేస్తాడు అని అడిగే ప్రశ్నావళి అది. వోల్ఫ్ మెహ్లింగ్ అనే డాక్టర్, ఆయన బృందం 2012లో 32 ప్రశ్నలతో తయారుచేశారు, 2018లో 37కి పెంచారు. అసలు ప్రశ్నావళి ఉచితంగానే దొరుకుతుంది. పరిశోధనకు పనికొచ్చే మంచి పని అది, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. తప్పు దాన్ని అమ్మిన పద్ధతిలో ఉంది.

అందులో ఎనిమిది భాగాలున్నాయి. దేని సగటు దానికి విడిగా వేయాలి. అన్నీ కూడి 185కి ఇన్ని అని చెప్పే మార్కు అందులో లేదు. ఇంత దాటితే ఆరోగ్యం, ఇంతకు తగ్గితే జబ్బు అనే గీతా లేదు. ఇంకో సంగతి. కొన్ని ప్రశ్నలకు మార్కులు తిప్పి వేయాలి. నొప్పి ముదిరేదాకా పట్టించుకోరా అనే అర్థం వచ్చే ప్రశ్న ఒకటుంది. బాపు దానికి కూడా 5 నొక్కించాడు, అదీ గర్వంగా, ఎందుకంటే నడుము పట్టేసినా నాట్లు ఆపని మనిషి. దానికి సున్నా పడాలి. వీళ్ళు 5 కలిపారు. అంటే ఆయన ఒళ్ళు చెప్పేది వినడు అనడానికి సాక్ష్యంగా ఉన్న జవాబునే, బాగా వింటాడని లెక్కవేశారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: ఆ ప్రశ్నావళి చెప్పేది మనం గమనిస్తున్నామని మనం ఎంత అనుకుంటున్నామో మాత్రమే. అనుకున్నది నిజమా కాదా అనేది వేరే పరీక్ష. గుండె లెక్కపెట్టడం అందుకోసం వచ్చిందే, 1981లో రైనర్ షాండ్రీ వాడిన పద్ధతి. అందులో నాడి పట్టుకోకూడదు. ఊరికే కూర్చుని లోపల తెలిసినన్ని లెక్కపెడితే, మిషన్ లెక్కతో పోలుస్తారు. నాడి పట్టుకుంటే తెలిసేది వేలికి. సరిగ్గా చేసినా, తన గుండె నిమిషానికి డెబ్బై చొప్పున కొట్టుకుంటుందని తెలిసినవాళ్ళు అంచనాతో చెప్పేయొచ్చు అని పరిశోధకులే విమర్శించారు. పైగా గుండె కొట్టుకోవడం తెలిసినంత మాత్రాన షుగర్ తగ్గడం తెలుస్తుందని కాదు.

డబ్బు వెనక్కి అడిగితే ఇవ్వలేదు. ఇది వైద్యం కాదని రసీదు వెనక రాసి ఉందన్నారు. మరి మిషన్ తగ్గించుకోమని ఎందుకు చెప్పారంటే జవాబు లేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మీరూ కట్టి ఉంటే రసీదు, రిపోర్టు పారేయకండి.

మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా ఇలాంటి పచ్చ చుక్క రిపోర్టు ఉంటే, స్ట్రిప్స్ వాడటం తగ్గించారా అని ఈ రోజే అడగండి. నేరుగా అడిగితే బాపులాగే లేదంటారు. మిషన్ తీసి పాత రీడింగుల తేదీలు మీరే చూడండి.