గర్భం వారాలు లెక్కపెట్టే చక్రం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఏఎన్‌ఎమ్‌గా ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ ప్లాస్టిక్ చక్రం నా బ్యాగులోనే ఉంటోంది. రెండు గుండ్రటి బిళ్లలు, మధ్యలో ఒక రివెట్. బయటి బిళ్ల మీద ఏడాది తేదీలు, లోపలి దాని మీద వారాలు ఉంటాయి. ఆఖరి నెలసరి మొదటి రోజు మీద బాణం పెడితే చాలు. ఈరోజు తేదీకి ఎదురుగా ఎన్నో వారమో, 40 దగ్గర కాన్పు తేదీ కనిపిస్తాయి. సిగ్నల్, ఛార్జింగ్ గొడవ లేదు. గర్భిణి చేతికే ఇచ్చి తిప్పించవచ్చు, అది నాకు బాగా నచ్చుతుంది.

అసలు పని తేదీ రాబట్టడంలో ఉంది. "ఆఖరిసారి ఎప్పుడమ్మా?" అంటే చాలామంది తలస్నానం చేసిన రోజు చెబుతారు. అప్పటికే నాలుగైదు రోజులు గడిచి ఉంటాయి. అందుకే బయట చేరిన మొదటి రోజు ఏదని విడిగా అడుగుతాను. గుర్తులేదంటే పండగలు గుర్తుచేస్తాను. "కనుమ నాడక్కా, గారెలు మా అత్తే వండింది" అని ఒకమ్మాయి టక్కున చెప్పింది. 2025లో కనుమ జనవరి 15న వచ్చింది. చక్రం అక్టోబరు 22 చూపించింది. ఏడు రోజులు, తొమ్మిది నెలలు కలిపి వేళ్ల మీద లెక్కేసినా అదే తేదీ.

ఈ లెక్క 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకే సరిపోతుంది. 35 రోజులకు వచ్చేవాళ్లకు ఒక వారం ఎక్కువ చూపిస్తుంది. నెలసరి క్రమం తప్పే పీసీఓడీ సమస్య ఉన్నవాళ్లకూ, బిడ్డకు పాలిస్తూ నెలసరి రాకముందే మళ్లీ గర్భం దాల్చినవాళ్లకూ దీన్ని నమ్ముకోలేం. లీపు సంవత్సరంలో ఒక రోజు తేడా వస్తుంది. రివెట్ వదులైతే లోపలి బిళ్ల జారుతుంది. నా పాత చక్రం అలాగే పాడైతే మార్చేశాను. కార్డు మీద రాసే ముందు ఫోన్‌లోనూ ఒకసారి సరిచూస్తాను.

చక్రం కంటే, ఫోన్ కంటే గట్టి లెక్క మొదటి మూడు నెలల్లో తీసే స్కాన్‌ది. 14 వారాలు నిండకముందు బిడ్డ పొడవు కొలిచి చెప్పే వయసులో ఐదు నుంచి ఏడు రోజులకు మించి తేడా ఉండదు. చక్రానికీ దానికీ వారం దాటి తేడా వస్తే డాక్టర్లు స్కాన్ తేదీనే ఖాయం చేస్తారు. ఒకసారి ఖాయం చేశాక ఆ తేదీని కదపకూడదు. ఎనిమిదో నెల స్కాన్‌లో రెండు వారాలు తక్కువ వచ్చిందంటే కాన్పు వెనక్కి జరిగిందని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకుంటారు. దయచేసి అలా ఊరుకోకండి. బిడ్డ సరిగా ఎదుగుతోందా లేదా అని డాక్టర్ వెంటనే చూడాల్సిన విషయమది. ఈ ఒక్క సంగతి కోసం ప్రతి ఇంట్లోనూ అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెబుతాను.

చక్రం కొనేవాళ్లు షాపులోనే ఒకసారి తిప్పి చూడండి. బాణం జనవరి 1 మీద పెడితే 40 వారాల గీత అక్టోబరు 8 మీద పడాలి. రెండు మూడు రోజులు అటూ ఇటూ అయితే అది తీసుకోవద్దు, ఇంకొకటి అడగండి.